పాత పెట్టెకు గుండె మార్పిడి!

కొత్త కంప్యూటర్ కొనకుండానే ప్రాసెసర్ మార్చుకోవచ్చు
బోర్డు సంగతి తెలియకుండా బస్సెక్కితే డబ్బు దండగే

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే హోసూరు డీటీపీ దుకాణాల్లో కుర్చీ ఖాళీ ఉండదు. ఒకే శుభలేఖలో ఒకవైపు తెలుగు, మరోవైపు తమిళమో కన్నడమో పడాలి. వాటిని కూర్చే కంప్యూటర్ మాత్రం చాలాచోట్ల పదేళ్లు దాటినదే. మౌస్ నొక్కితే తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ''ఇంకెంతసేపన్నా?'' అని పెళ్లివారు. ''ఇది పాతదైపోయింది, కొత్తది తీసేసుకోన్నా'' అని మెకానిక్. మధ్యలో దుకాణదారుడు.

కొత్తది కొనడమంటే డబ్బు ఒక్కటే సమస్య కాదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో ఏళ్ల తరబడి కూర్చిన ఫైళ్లన్నీ పాత పెట్టెలోనే ఉంటాయి. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌లో మరో పెద్ద వెర్షన్ రాలేదు. కొత్త యంత్రంలో ఆ అక్షరాలు అచ్చు అలాగే కనిపిస్తాయన్న భరోసా లేదు. అందుకే ఉన్నదాన్నే బాగు చేసుకునే దారి చూడటం తెలివైన పని.

జబ్బు తెలిశాకే మందు

నెమ్మదించిన ప్రతి కంప్యూటర్‌కూ ప్రాసెసరే కారణం కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పని నడుస్తుండగా అందులో డిస్క్ నూటికి నూరు చూపిస్తుంటే తప్పు పాత హార్డ్ డిస్క్‌ది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ వేస్తే చాలు. మెమరీ నిండిపోతుంటే ర్యామ్ పెంచాలి. సీపీయూ గీత పైకెక్కి దిగనంటే అప్పుడే ప్రాసెసర్ గురించి ఆలోచించాలి. పాత పెట్టెల్లో తరచూ మొదటి అవసరం ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్, ఆ తర్వాతే ప్రాసెసర్.

సాకెట్ కలిస్తేనే సంబంధం

బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు సాకెట్. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సాకెట్ పేరు, బోర్డు పేరు, బయోస్ వెర్షన్ కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ. 2011 నాటి ఐ3-2100 ఉన్న హెచ్61 బోర్డు అనుకుందాం. సాకెట్ 1155. ఇందులో ఇంటెల్ రెండో తరం, మూడో తరం చిప్‌లు కూర్చుంటాయి. ఐ3-2100కి కోర్లు రెండే. ఐ5-2400కి, ఐ5-3470కి నాలుగేసి. ఐ7-3770కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. అయితే 3470, 3770 మూడో తరానివి కాబట్టి చాలా హెచ్61 బోర్డుల్లో ముందు బయోస్ మార్చాలి. పాత ప్రాసెసర్ ఉండగానే ఆ పని చేసుకోవాలి. తీసేశాక చేద్దామంటే కంప్యూటర్ ఆన్ కాదు. బయోస్ మారుతుండగా కరెంటు పోతే బోర్డే పాడయ్యే ప్రమాదం ఉంది. యూపీఎస్ తప్పనిసరి.

నాలుగో తరానిది 1150 సాకెట్, ఇందులో పట్టదు. 1151 సాకెట్‌తో మరో తిరకాసు. ఆరు, ఏడు తరాల బోర్డుల్లో ఎనిమిదో తరం చిప్ పని చేయదు, పేరు ఒకటే అయినా సరే. ఏఎండీ వారి ఏఎం4 ఉన్నవారు అదృష్టవంతులు. బోర్డు కంపెనీ బయోస్ ఇచ్చి ఉంటే మొదటి రైజెన్ నుంచి 5000 వరుస దాకా ఎక్కవచ్చు.

విద్యుత్తు లెక్క కూడా చూడాలి. ఐ3-2100ది 65 వాట్లు, ఐ5-3470ది 77, ఐ5-2400ది 95. చిన్న కూలర్ మీద పెద్ద చిప్ పెడితే వేడెక్కి తానే వేగం తగ్గించుకుంటుంది.

మార్చేటప్పుడు...

* ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించాలి. తర్వాత ప్లగ్ పీకాలి.
* క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది.
* పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.
* ఇంటెల్ సాకెట్ లోపలి పిన్నుల మీద వేలు పెట్టకూడదు. ఒక్కటి వంగినా కష్టమే.
* చిప్ మూలనున్న బంగారు త్రిభుజం, పక్కనున్న గాట్లు సరిచూసి మెల్లగా వదలాలి, నొక్కకూడదు.
* కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. ఫ్యాన్ తీగ తగిలించడం మరవొద్దు.

ఆశ పెట్టుకోకూడనివి

పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్‌కు నాలుగు కోర్ల లాభం పెద్దగా అందదు. పక్కనే బ్రౌజర్, ఫొటోషాప్ తెరిచి పని చేసేవారికే తేడా బాగా తెలుస్తుంది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు సాధారణంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అర్హత. మూడో తరం చిప్ వేసినా ఆ తలుపు తెరుచుకోదు. అలాంటి పెట్టెను ఇంటర్‌నెట్‌కు దూరంగా కూర్పు పనికే ఉంచుకోవడం, బ్యాంకు పనులు మరో దాంట్లో చేసుకోవడం క్షేమం. పిల్లల చదువుకు, ఇంటర్‌నెట్‌కు అయితే ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోవచ్చు.

ప్రాసెసర్‌తోపాటు బోర్డు, ర్యామ్ కూడా మార్చాలని మెకానిక్ అంటే అది ఇక మరమ్మతు కాదు, కొత్త కొనుగోలే. అప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకోవాలి.

ఇలాంటి పాత చిప్‌లు దొరికేది సెకండ్ హ్యాండ్‌లోనే. హోసూరువారికి బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నైవారికి రిచీ స్ట్రీట్, ముంబైవారికి లామింగ్టన్ రోడ్డు ఉన్నాయి. ధర ఒక్కో దుకాణంలో ఒక్కోలా ఉంటుంది. రెండు మూడు చోట్ల అడగాలి. చిప్ మీది నంబరు చదివి, అక్కడే బోర్డులో పెట్టించి ఆన్ చేయించి చూడాలి. ఎన్నాళ్లలో తిరిగి తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోవాలి. బస్సెక్కే ముందు మాత్రం చీటీ మీద మూడు సంగతులు రాసి జేబులో వేసుకోవాలి: బోర్డు పేరు, బయోస్ వెర్షన్, ఇప్పుడున్న ప్రాసెసర్ నంబరు. ఆ చీటీ లేకుండా వెళ్తే మళ్లీ ఇంకో టికెట్ ఖర్చు ఖాయం.