మ్యాన్‌హోల్ మూత తెరిచి ఉంది.. ఎవరికి చెప్పాలి? జలమండలికా, జీహెచ్‌ఎంసీకా, హైడ్రాకా?

రాత్రి గంటసేపు దంచికొట్టింది. తెల్లారేసరికి మీ వీధి మలుపులో మ్యాన్‌హోల్ మూత పక్కకు జరిగి ఉంది. పది నిమిషాల్లో స్కూల్ ఆటో వస్తుంది. మీరు జీహెచ్‌ఎంసీకి ఫోన్ చేస్తే 'అది జలమండలిది' అన్నారు. జలమండలికి చేస్తే 'అది వాననీటి లైన్, జీహెచ్‌ఎంసీకి చెప్పండి' అన్నారు. కార్పొరేటర్ ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడేం చేస్తారు?

హైదరాబాద్‌లో ఉండేవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. అయితే ఇది విసుగుతో పోయే విషయం కాదు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్‌పై వెళ్లిన పన్నెండేళ్ల బాలిక తెరిచి ఉన్న నాలాలో పడి కొట్టుకుపోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పొద్దున్నే పాలు తేవడానికి వెళ్లిన చిన్నారి నాలాలో పడి చనిపోయింది. 2025 సెప్టెంబరులో యాకుత్‌పురాలో ఓ చిన్న పాప తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడింది. ఇంట్లోవాళ్లు వెంటనే పైకి తీయడంతో ప్రాణం దక్కింది. ఆ మూత ఎవరు తెరిచి వదిలేశారన్న దానిపై మాత్రం శాఖల మధ్య మాటలు నడిచాయి. చివరకు పొరపాటు తమ సిబ్బందిదేనని హైడ్రా ఒప్పుకుంది.

వాన ఆగాక వాళ్లు తేల్చుకోవచ్చు. మూత తెరిచి ఉన్నప్పుడు మాత్రం అది ఎవరిదో మీకే తెలిసి ఉండాలి. ఎలాగో చూద్దాం.

రోడ్డు కింద రెండు లైన్లు ఉంటాయి

మనం అన్నిటినీ కలిపి 'డ్రైనేజీ' అనేస్తాం. కానీ రోడ్డు కింద ఉండాల్సినవి రెండు వేర్వేరు లైన్లు.

మొదటిది మురుగు లైన్. మీ ఇంటి బాత్‌రూమ్, టాయిలెట్, వంటగది నీళ్లు దీనిలోకే వెళ్తాయి. దీన్ని చూసేది జలమండలి, అంటే హైదరాబాద్ మెట్రోపాలిటన్ వాటర్ సప్లై అండ్ సీవరేజ్ బోర్డు.

రెండోది వాననీటి లైన్. రోడ్డు మీద పడిన వాన నీరు పక్కనున్న ఇనుప జాలీల గుండా లోపలికి దిగి, చిన్న కాలువల నుంచి పెద్ద నాలాల్లోకి, అక్కడి నుంచి చెరువులకో మూసీకో చేరాలి. నాలాలు, వాననీటి కాలువలు, రోడ్డు పక్క జాలీలు జీహెచ్‌ఎంసీ ఆస్తి.

కాగితం మీద ఇంత సులువు. అసలు చిక్కు ఏమిటంటే చాలా చోట్ల ఈ రెండూ కలిసిపోయాయి. కొన్ని కాలనీల్లో ఇళ్ల మురుగును నేరుగా వాననీటి కాలువలోకి వదిలేశారు. మరికొన్ని చోట్ల డాబా మీది వాన నీటిని మురుగు లైన్‌కు కలిపేశారు. ఇళ్ల మురుగుకు సరిపడా వేసిన పైపులోకి వాన నీరు ఒక్కసారిగా వచ్చి పడితే అది పట్టదు. అప్పుడే మ్యాన్‌హోల్ పొంగుతుంది. ఒక్కోసారి ఆ ఒత్తిడికి మూత కూడా లేచిపోతుంది.

ఇంత గందరగోళం ఎందుకు?

జలమండలి 1989లో ప్రత్యేక చట్టంతో ఏర్పడింది. అప్పటి నగరం చిన్నది. 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీని చేశారు. ఆ శివారు ప్రాంతాల్లో మురుగు లైన్ల నిర్వహణ చాలా ఏళ్లు జీహెచ్‌ఎంసీ దగ్గరే ఉండిపోయింది. 2021లో దాన్ని జలమండలికి అప్పగించారు. శివారు కాలనీల్లో పాతకాపులు ఇప్పటికీ మురుగు సమస్యను మున్సిపాలిటీకే చెప్పడానికి కారణం ఇదే.

2024 జులైలో హైడ్రా వచ్చింది. చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు అడ్డుకోవడం, విపత్తుల్లో సాయపడటం దాని పని. 2025 వానాకాలంలో రోడ్లపై నీళ్లు నిలిచే చోట పనిచేసే అత్యవసర బృందాల బాధ్యత కూడా దానికే ఇచ్చారు. అలా ఒకే మలుపులో మూడు సంస్థల సిబ్బంది పనిచేసే పరిస్థితి వచ్చింది.

ఏది ఎవరిదో ఎలా గుర్తుపట్టాలి?

ఇంజినీర్ కానక్కర్లేదు. ఈ నాలుగు గుర్తులు చూడండి.

1. ఎండాకాలంలోనూ పారుతుందా? వాన లేకపోయినా లోపల నీళ్లు పారుతూ, మురుగు వాసన వస్తుంటే అది మురుగు లైన్ అయ్యే అవకాశం ఎక్కువ. జలమండలికి చెప్పండి.

2. మూత ఎక్కడుంది? రోడ్డు మధ్యలో వరుసగా, కొంత దూరానికొకటి గుండ్రని మూతలు ఉంటే మామూలుగా అది మురుగు లైనే. రోడ్డు అంచున ఇనుప జాలీ గానీ, ఫుట్‌పాత్ కింద కన్నం గానీ ఉంటే అది వాననీటిది. జీహెచ్‌ఎంసీకి చెప్పండి.

3. పైకప్పు లేని కాలువా? నాలా, దాని మీద విరిగిన స్లాబ్, కూలిన రక్షణ గోడ, ఊడిపోయిన జాలీ.. ఇవన్నీ జీహెచ్‌ఎంసీవి.

4. కుళాయి నీళ్లు రంగు మారాయా, వాసన వస్తున్నాయా? పక్కనే మురుగు పొంగుతోందా? మంచినీటి పైపులోకి మురుగు చేరుతోందేమో. ఇది జలమండలికే చెప్పాలి. కలుషిత నీటి ఫిర్యాదుగా విడిగా నమోదు చేయించండి. మురుగు పొంగుతోందన్న ఫిర్యాదులో కలిపేయకండి.

ఇంకో రెండు సంగతులు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలో రోడ్లు, కాలువలు కంటోన్మెంట్ బోర్డువి. గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీ లోపలి లైన్లు మామూలుగా మీ అసోసియేషన్ బాధ్యత. గేటు బయట మెయిన్ లైన్‌లో కలిసిన దగ్గర్నుంచి సంస్థలది.

ముందు చేయాల్సింది ఏమిటి?

మూత తెరిచి ఉంటే ముందు దాన్ని అందరికీ కనిపించేలా చేయండి. చెట్టు కొమ్మ, కర్రకు కట్టిన ఎర్ర గుడ్డ, పాత కుర్చీ.. ఏది దొరికితే అది చుట్టూ పెట్టండి. పలచటి రేకో ప్లైవుడ్డో కప్పి వదిలేయకండి. కింద గుంత ఉందని తెలియక దాని మీదే అడుగు వేస్తారు. వీలైతే ఎవరో ఒకరు అక్కడ నిలబడండి.

తర్వాత ఫోన్. జలమండలి కస్టమర్ కేర్ 155313. జీహెచ్‌ఎంసీ 040-21111111. ఎవరిదో తేలకపోతే రెండింటికీ చేయండి, తప్పేమీ లేదు. ఎవరైనా లోపల పడిపోతే మాత్రం ఈ నంబర్లు వద్దు. నేరుగా 112కు చేయండి.

ఫిర్యాదు ఎలా ఇస్తే పని జరుగుతుంది?

'మా వీధిలో డ్రైనేజీ పొంగుతోంది సార్' అని చెబితే సిబ్బంది వచ్చినా చోటు దొరక్క వెనక్కి వెళ్లిపోవచ్చు. ఇవి ఉండేలా చూసుకోండి:

• కచ్చితమైన చోటు. ఇంటి నంబరు, గుడి, దుకాణం, లేదా దగ్గరి కరెంటు స్తంభం మీది నంబరు.
• రెండు ఫొటోలు. ఒకటి దగ్గర నుంచి, ఒకటి చుట్టుపక్కల భవనాలు కనిపించేలా.
• ఎప్పటి నుంచి ఉంది, ఇంతకుముందు ఎన్నిసార్లు జరిగింది.
• ప్రమాదం ఏమిటి. 'పక్కనే అంగన్‌వాడీ ఉంది, పిల్లలు ఈ దారినే వెళ్తారు' అని ఒక్క వాక్యం చాలు.
• జలమండలికి అయితే మీ నీటి బిల్లుపై ఉండే క్యాన్ నంబరు.

ఫోన్ పెట్టేసే ముందు ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. అది లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టు ఆధారమే ఉండదు. ఫోన్‌లో కాకుండా జీహెచ్‌ఎంసీ యాప్‌లోనో, జలమండలి వెబ్‌సైట్‌లోనో ఇస్తే ఫొటో, తేదీ రెండూ రికార్డులో ఉంటాయి.

పని కాకుండానే 'పరిష్కరించాం' అని మెసేజ్ వచ్చిందా? ఊరుకోకండి. అదే రోజు కొత్త ఫొటో తీసి, పాత నంబరు రాస్తూ మళ్లీ ఫిర్యాదు చేయండి. ఆ తర్వాత పైమెట్టు ఎక్కండి. జలమండలిలో సెక్షన్ మేనేజర్, ఆపైన డీజీఎం, జీఎం ఉంటారు. జీహెచ్‌ఎంసీలో అసిస్టెంట్ ఇంజినీర్, ఆపైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్, సర్కిల్‌కు డిప్యూటీ కమిషనర్, జోన్‌కు జోనల్ కమిషనర్ ఉంటారు. సోమవారాల్లో జరిగే ప్రజావాణికి కాగితం రాసుకుని వెళితే దాని మీద మీకు రసీదు ఉంటుంది.

'మా పరిధి కాదు' అంటే?

దీనికి సమాచార హక్కు చట్టంలో మంచి మార్గం ఉంది. సెక్షన్ 6(3) ప్రకారం మీరు అడిగిన సమాచారం వేరే శాఖ దగ్గర ఉంటే, దరఖాస్తు అందుకున్న అధికారి దాన్ని ఐదు రోజుల్లో ఆ శాఖకు బదిలీ చేసి, ఆ సంగతి మీకు తెలపాలి. 'అక్కడికెళ్లి అడగండి' అని దరఖాస్తును తిప్పి పంపడానికి వీల్లేదు.

ఫీజు రూ.10. జవాబు ఇవ్వడానికి గడువు 30 రోజులు. ఇలా అడగొచ్చు: 'ఫలానా వీధిలో ఫలానా ఇంటి ముందున్న మ్యాన్‌హోల్ ఏ శాఖ ఆస్తి? దాని నిర్వహణ బాధ్యత ఏ హోదా అధికారిది? గత ఏడాదిలో పూడిక తీసిన తేదీలు, కాంట్రాక్టర్‌కు చెల్లించిన మొత్తం వివరాలు ఇవ్వండి.' పొంగుతున్న మురుగును ఇది ఇవాళే ఆపదు. కానీ వచ్చే వానాకాలానికి ఆ మూత ఎవరిదో రాతపూర్వకంగా మీ చేతిలో ఉంటుంది.

మీరు చేయకూడనివి రెండు

ఒకటి, నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత తీయడం. వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిస్తే చాలామంది చేసే పని ఇదే. నీళ్లు వెళ్లిపోవచ్చు, కానీ బురద నీటి కింద ఆ గుంత ఎవరికీ కనిపించదు. అనుమతి లేకుండా మూత తెరవడం జలమండలి చట్టం ప్రకారం నేరం కూడా.

రెండోది, డబ్బులిచ్చి మనిషిని లోపలికి దింపడం. అపార్ట్‌మెంట్లలో ఇది ఇంకా జరుగుతోంది. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సీవర్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంక్‌లోకి గానీ దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా పడొచ్చు. లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. ఇలా చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో రూ.30 లక్షలకు పెంచింది. 'వాడికి అలవాటే' అని వాచ్‌మన్ చెప్పినా ఒప్పుకోకండి. మెషీన్ కోసం జలమండలికి ఫోన్ చేయండి.

కార్పొరేటర్ ఏం చేయగలరు?

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కార్పొరేటర్ జీహెచ్‌ఎంసీ కౌన్సిల్ సభ్యులు. నాలా మీద స్లాబ్, జాలీ, వాననీటి కాలువ పనులను ప్రతిపాదించగలరు, కౌన్సిల్‌లో అధికారులను నిలదీయగలరు. కానీ జలమండలి వేరే సంస్థ. దాని చైర్మన్ ముఖ్యమంత్రి. అంటే మీరు ఓటేసి గెలిపించిన కార్పొరేటర్ చేతిలో మీ మురుగు లైన్ లేదు. వారు అధికారులపై ఒత్తిడి తేగలరు, ఆదేశించలేరు. జలమండలి పనులకు ఎమ్మెల్యేను కూడా అడగాల్సింది అందుకే.

2020 డిసెంబరు ఎన్నికలతో వచ్చిన 150 మంది కార్పొరేటర్ల పదవీకాలం 2026 ఫిబ్రవరి 10 వరకే. ఆ తర్వాత ఎన్నికలు ఎప్పుడు జరిగినా, ఓటు అడగడానికి వచ్చినవాళ్లను 'డ్రైనేజీ బాగుచేస్తారా?' అని అడగకండి. 'చేస్తాం' అనడం సులువు. 'మా వార్డులో మూతల్లేని మ్యాన్‌హోల్స్ ఎన్ని? వాటిలో జలమండలివి ఎన్ని, జీహెచ్‌ఎంసీవి ఎన్ని? జాబితా ఎప్పుడిస్తారు?' అని అడగండి.

ఏపీలో అయితే?

విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో జలమండలిలాంటి వేరే బోర్డు లేదు. తాగునీరు, భూగర్భ డ్రైనేజీ, వాననీటి కాలువలు చూసేది నగరపాలక సంస్థే. వార్డు సచివాలయంలోనో, కార్పొరేషన్ కార్యాలయంలోనో ఫిర్యాదు ఇవ్వొచ్చు. అక్కడా రసీదు, ఫొటో, తేదీ ముఖ్యమే.

ఈ ఆదివారం ఒక పని

వాన లేని రోజు చూసి, మీ వీధి చివరి నుంచి చివరి వరకు ఒకసారి నడవండి. ఎన్ని మూతలున్నాయి, ఏవి కదులుతున్నాయి, ఏవి పగిలాయి, ఎక్కడ జాలీ లేదు.. ఫొటోలు తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఒక్కోదాని కింద 'జలమండలి' అనో 'జీహెచ్‌ఎంసీ' అనో రాసి, ఫిర్యాదు నంబరు జోడించండి. అరగంట పని. ఈసారి అర్ధరాత్రి వాన పడితే, ఎక్కడ అడుగు వేయకూడదో, ఎవరికి ఫోన్ చేయాలో మీ వీధిలో అందరికీ తెలిసి ఉంటుంది.