ఆరు సెంట్లకూ ఓ కాగితం

ఆరు సెంట్లంటే ఇల్లు కట్టుకునేవాళ్లకి పెద్ద స్థలమే. రైతుకి మాత్రం లెక్కలోకే రాదు. సెంటుకి 48.4 గజాల చొప్పున మొత్తం 290 గజాలు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సింగరాయకొండలో నేను మొదటిసారి కౌలుకి తీసుకున్న నేల అంతే. బోరు నీళ్లతో కలిపి ఏడాదికి రెండు వేలు. ఇంటికి సరిపడా కూరగాయలు పండించుకోవాలని ఆశ.

ఆరు సెంట్లే ఎందుకంటే, ఇంగ్లండులో ఉన్న నా ఇంజనీరింగ్ స్నేహితుడు చేస్తున్నదీ దాదాపు అంతే. అక్కడ కూరగాయలు పండించుకోవడానికి స్థానిక కౌన్సిళ్లు చిన్న మడులు అద్దెకిస్తాయి. వాటిని అలాట్‌మెంట్లు అంటారు. ఆ ఏర్పాటుకి మూలం 1908 నాటి చట్టం. మామూలు మడి 250 చదరపు మీటర్లు, మన లెక్కలో ఆరు సెంట్ల పైచిలుకు. మావాడు అందులో గోంగూర వేశాడు. చలి ముదరకముందే కోసేసుకోవాలట!

మాకు చలి బాధ లేదు, ఇసుకతోనే బాధ. పాకల సముద్రం దగ్గరే కాబట్టి ఇటువైపు సరుగుడు తోటలు ఎక్కువ. నేను తీసుకున్న ముక్కా ఇసుక నేలే. పొద్దున పెట్టిన నీళ్లు సాయంత్రానికి కనపడవు. నీటితోపాటు పోషకాలూ కిందికి దిగిపోతాయి. దీనికి మందు పశువుల ఎరువు, పచ్చిరొట్ట. తొలకరికి జనుము చల్లి, పూతకొచ్చే సమయానికి, అంటే సుమారు 45 రోజులకి కలియదున్నించా. ఒక ట్రక్కు ఎరువు తోలించా. ద్రవజీవామృతం ఎకరానికి 200 లీటర్లు చెబుతారు. ఆరు సెంట్లకి 12 లీటర్లు చాలు. పది కిలోల పేడ కాస్తా 600 గ్రాములైంది, రెండు కిలోల బెల్లం 120 గ్రాములైంది. బకెట్లోనే పనైపోయింది.

గోంగూర, తోటకూర నెలకల్లా కోతకొచ్చాయి. బెండ నెలన్నరకి అందుకుంది. బాగానే ఉంది కదా అనుకుంటుంటే, పక్కన మూడెకరాలు కౌలుకి చేసే బాబాయ్ గట్టు మీద నిలబడి అడిగాడు:

“ఏంది నాయనా, పరాయి నేలకి ఇంత ఎరువు తోలావ్? వచ్చే ఏడు కూడా నీకే ఇస్తానన్నాడా?”

నిజమే, ఎవరూ అనలేదు. వేసిన ఎరువు ఒక్క పంటతో అయిపోదు. రెండో ఏడు, మూడో ఏడు కూడా పనిచేస్తుంది. నోటిమాట కౌలు మాత్రం ఏడాదితో సరి. అందుకే బాబాయ్ ఆ ఏటికి పనికొచ్చే యూరియా కట్టలు కొంటాడు గానీ ట్రక్కు ఎరువు తోలించడు. నేల మీద ప్రేమ లేక కాదు, లెక్క కుదరక.

ఇంగ్లండు చట్టాల్లో ఈ లెక్కకి జవాబుంది. 1950 చట్టం వచ్చాక, మామూలుగా అలాట్‌మెంట్ ఖాళీ చేయించాలంటే 12 నెలల ముందు నోటీసివ్వాలి. ఆ గడువు ఏప్రిల్ 6లోపో, సెప్టెంబరు 29 తర్వాతో ముగియాలి. అంటే పంట చేతికొచ్చే నెలల్లో పొమ్మనడానికి లేదు. 1922 చట్టం ప్రకారం నిలబడిన పంటకీ, నేలకి వేసిన ఎరువుకీ పరిహారం కూడా అడగొచ్చు.

మన దగ్గర 2011లో కౌలుదార్లకి రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దీని ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుంటే కార్డు ఇస్తారు. పంట రుణానికి, బీమాకి అది ఆధారం. భూమి మీద మాత్రం కౌలుదారుకి ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది. అయినా యజమాని సంతకం పెట్టాలి కదా, అక్కడే చాలామంది ఆగిపోతున్నారు. పైగా 11 నెలల కాగితం పంటకి ధైర్యమిస్తుంది గానీ నేలని బాగుచేసుకునే ధైర్యం ఇవ్వదు.

నా ఆరు సెంట్లకి కార్డుతో పనిలేదు. కానీ బాబాయ్ మాట విన్నాక యజమాని దగ్గరికెళ్లా. ఆయన రిటైరైన మాస్టారు.

“మూడేళ్లకి రాసిస్తారా మాస్టారూ?”

“కాగితాలెందుకు బాబూ, నా మాట చాలదా?” అన్నారు. ఆయన భయం ఆయనది. ఎరువు లెక్క, రోటావేటర్ ఖర్చు రాసి చూపించా. రెండ్రోజులు ఆలోచించుకుని తెల్లకాగితం మీద రెండు ముక్కలు రాసిచ్చారు. మూడేళ్లకి ఒప్పుకోలేదు. నేల వెనక్కి తీసుకోవాలనుకుంటే నాలుగు నెలల ముందు చెబుతారు, ఉన్న పంట కోసుకున్నాకే తీసుకుంటారు. నాకు అది చాలు. రెండో ట్రక్కు ఎరువుకి చెప్పేశా.

మీరూ నాలుగు సెంట్లు కౌలుకి తీసుకోవాలనుకుంటే విత్తనాలకంటే ముందు ఈ రెండు ముక్కలు అడగండి. కౌలు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు.

ఆ కాగితం బాబాయ్‌కి చూపించి, “నువ్వూ అడగరాదా?” అన్నా.

“నీకేం నాయనా, నీకు ఉద్యోగముంది. ఇయ్యకపోతే మానుకుంటావ్. నేనడిగితే ఉన్న మూడెకరాలూ ఇంకోడికి పోద్ది” అని మందు డబ్బా భుజానికెత్తుకుని చేలోకి దిగాడు.