స్త్రీ పురుషుల ఆహారం – ఇనుము లెక్క

పల్నాటిసీమలో చాపకూడు మాట ఎరుగనివారు ఉండరు. 12వ శతాబ్దిలో బ్రహ్మనాయుడు కులభేదం పాటించక అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని ప్రసిద్ధి. ఆ పంక్తిలో అందరికీ ఒకే కూడు. కాని అందరి శరీరాలకూ కావలసినది ఒకటేనా? ముఖ్యంగా స్త్రీకీ పురుషునికీ అవసరాలు సమానమేనా?

పల్నాడు జిల్లా వెల్దుర్తి ప్రాంతంలో మిరప, పత్తి చేలలో పనిచేసే భార్యాభర్తలను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇద్దరూ ఒకే పొలానికి పోతారు. ఒకే కుండలో వండిన అన్నం తింటారు.

శక్తి, మాంసకృత్తులు

ఆహారం ఇచ్చే శక్తిని కిలోకాలరీలలో కొలుస్తారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఒక మోస్తరు శ్రమచేసే 65 కిలోల పురుషునికి రోజుకు 2,710 కిలోకాలరీలు, 55 కిలోల స్త్రీకి 2,130 కిలోకాలరీలు కావాలి. పురుషుని శరీరం పెద్దది, అందులో కండరాలు ఎక్కువ; కాబట్టి ఖర్చు ఎక్కువ. మాంసకృత్తులు శరీరభారంలో కిలోకు 0.83 గ్రాము చొప్పున పురుషునికి 54 గ్రాములు, స్త్రీకి సుమారు 46 గ్రాములు అవసరం. ఇంతవరకు చూస్తే స్త్రీకి తక్కువ ఆహారం చాలుననిపిస్తుంది.

తలక్రిందులయ్యే లెక్క

ఇనుము సంగతి వేరు. రోజుకు పురుషునికి 19 మిల్లీగ్రాములు చాలగా, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావాలి. 13–15 ఏళ్ళ బాలునికి 22 అయితే, అదే వయసు బాలికకు 30. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును కండరాలకు మోసుకొనిపోయే హీమోగ్లోబిన్ తయారీకి ఇనుము ముఖ్యం. నెలనెలా ఋతుస్రావంలో స్త్రీ కొంత రక్తాన్ని, దానితోపాటు ఇనుమునూ కోల్పోతుంది. ఆ లోటును ఆహారమే పూడ్చాలి.

పైన చెప్పిన దంపతుల విషయంలో ఈ అంకెలను భాగించి చూస్తే, ప్రతి వెయ్యి కిలోకాలరీల ఆహారంలో పురుషునికి 7 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే సరిపోతుంది. స్త్రీకి దాదాపు 14 ఉండాలి. అనగా ఆమె తినే ప్రతి ముద్దలోను రెట్టింపు ఇనుము ఉండాలన్నమాట! కాని చాలా ఇళ్ళలో ఇల్లాలు చివర తింటుంది. పప్పు, కూర, గ్రుడ్డు అయిపోయి, అన్నమూ పచ్చడీ మిగులుతాయి. కడుపు నిండుతుంది, ఇనుము మాత్రం చేరదు.

దీని ఫలితమే రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మనదేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి, పురుషులలో 25 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆయాసం, నీరసం, చదువుపై మనసు నిలవకపోవడం దీని లక్షణాలు. దీనిని సోమరితనమని పొరబడడం కద్దు.

ఏమి తినాలి?

నూరు గ్రాముల జొన్నలలో సుమారు 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడ ఉండదు. సజ్జలలో ఇంకా ఎక్కువ. కాబట్టి జొన్నరొట్టె పేదల తిండి అని చిన్నచూపు చూడడం తగదు. పప్పుధాన్యాలు, ఆకుకూరలు, నువ్వులు కూడ ఇనుమునిస్తాయి. అయితే ధాన్యాలలోని ఫైటేటులు ఇనుమును పట్టి ఉంచుతాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఆ పట్టు సడలుతుంది. మాంసం, చేపలలోని ఇనుము ఇంతకన్న సులభంగా ఒంటబడుతుంది.

సి విటమిను ఇనుమును రక్తంలోనికి చేరవేయడానికి తోడ్పడుతుంది. పప్పులో నిమ్మరసం పిండుకోవడం, భోజనం తరువాత జామపండు తినడం మేలు. పచ్చిమిరపలోనూ ఈ విటమిను దండిగా ఉంటుంది. హంగరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జి 1930 ప్రాంతాలలో దీనిని మిరపజాతి కాయల నుండే పెద్దయెత్తున వేరుచేశాడు. ఎండుమిరపలో ఇది చాలవరకు నశిస్తుంది. భోజనంతోపాటు టీ త్రాగితే దానిలోని టానిన్లు ఇనుమును అడ్డగిస్తాయి; గంటో రెండు గంటలో ఆగి త్రాగడం మంచిది.

రక్తహీనత ముదిరితే ఆహారం ఒక్కటే చాలదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుడు చెప్పిన మాత్రలు వాడాలి. కొంకిపురుగులు కూడ రక్తాన్ని పీల్చేస్తాయి కనుక వాటికీ చికిత్స అవసరం.

చాపకూడులో అందరూ ఒకే వేళ, ఒకే పంక్తిలో తిన్నారు. ఇంటిలో ఇల్లాలు, ఆడపిల్ల కూడ ఆ పంక్తిలోనే కూర్చుంటే, పప్పుగిన్నె ఖాళీ కాకముందే వారి వంతు వారికి అందుతుంది. దీనికి అదనపు ఖర్చేమీ లేదు.