అక్షరం మారితే అర్థం మారుతుంది

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రాతఃకాలాన రెండు పఠనాలు సాగుతుంటాయి. ఆలయాల్లో వేదపారాయణ ఒకటి. కోచింగ్ కేంద్రాలకు వచ్చే విద్యార్థులు వల్లెవేసే జీవశాస్త్ర పాఠం రెండవది. పైకి ఈ రెండింటికీ పొత్తు లేదు. కానీ వరుస తప్పితే అర్థం తప్పుతుందనే నియమం రెండింటికీ సమానమే. ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా వెళితే హబ్సిగూడలో సీసీఎంబీ కనిపిస్తుంది. 1977లో ఆరంభమైన ఆ సంస్థలో శాస్త్రవేత్తలు జీవకణాల్లోని అణువులను అధ్యయనం చేస్తారు. ఆ అణువుల్లో ముఖ్యమైనవి ప్రోటీన్లు.

ఇరవై అక్షరాల వర్ణమాల

తెలుగు వర్ణమాలకు 56 అక్షరాలని సంప్రదాయం. ప్రోటీన్ల వర్ణమాలకు 20 చాలు. అవే అమైనో ఆమ్లాలు. దారానికి పూసలు గుచ్చినట్లు అవి వరుసగా చేరి ప్రోటీన్ అవుతాయి. ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్, అన్నాన్ని జీర్ణం చేసే ఎంజైములు, తల వెంట్రుకలు ఈ ఇరవైతో రచించినవే.

వేదం సంహితాపాఠంలో సంధులతో ఏకధారగా సాగుతుంది. ఏ పదం ఎక్కడ ముగిసిందో తెలియడానికి పెద్దలు పదపాఠాన్ని ఏర్పరిచారు. ఋగ్వేదానికి శాకల్యుడు, తైత్తిరీయ సంహితకు ఆత్రేయుడు పదపాఠకర్తలని ప్రసిద్ధి. ప్రోటీన్ కూడా పదవిభాగం లేని సంహిత వంటిదే. మరి అందులో పదమేది?

ఈ ప్రశ్నను చేపట్టిన వారిలో తెలుగువారున్నారు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్‌రెడ్డి కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన, మాధవి గణపతిరాజు, జుడిత్ క్లైన్ సీతారామన్ తదితరులు భాషను లెక్కగట్టే పద్ధతులతోనే ప్రోటీన్లను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. ఒక్కొక్క కవికి ఇష్టమైన పలుకుబళ్లున్నట్లే, ఒక జీవిలో పదేపదే వచ్చే కొన్ని వరుసలు ఇతర జీవుల్లో అరుదని వారు గమనించారు.

అన్వయం కుదరాలి

పద్యంలో మొదటి పాదంలోని కర్తకు నాలుగో పాదంలో క్రియ దొరకవచ్చు. ప్రతిపదార్థం తెలిసినా అన్వయం కుదరనిదే తాత్పర్యం బోధపడదు. ప్రోటీన్ గొలుసు కూడా మెలికలు తిరిగి, మడతలు పడి, ఎక్కడో దూరాన ఉన్న అమైనో ఆమ్లాలను చెంతకు చేరుస్తుంది. ఆ రూపం కుదిరితేనే అది తన పని చేయగలదు. రూపానికి కావలసిన సమాచారం వరుసలోనే ఉందని నిరూపించిన క్రిస్టియన్ అన్‌ఫిన్‌సెన్ 1972లో నోబెల్ పొందారు. వరుసను చూసి రూపాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు గాను డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లు 2024లో ఆ గౌరవాన్ని అందుకున్నారు.

ఒక్క స్వరం, ఒక్క అక్షరం

త్వష్ట ఇంద్రుణ్ణి వధించగల పుత్రుణ్ణి కోరి హోమం చేశాడు. 'ఇంద్రశత్రు' అనే పదంలో ఉదాత్తం చివర పలకవలసింది, మొదట పలికాడు. ఇంద్రుణ్ణి చంపేవాడనే అర్థం పోయి, ఇంద్రుని చేత చంపబడేవాడనే అర్థం వచ్చింది. వృత్రుడు ఇంద్రుని చేతిలోనే హతుడయ్యాడు. ఇటువంటి దోషాలు రాకూడదనే క్రమ, జట, ఘన పాఠాలు. కణంలోనూ నకలును సరిచూసే ఏర్పాటుంది. అయినా ఎప్పుడో ఒక అక్షరం తారుమారవుతుంది.

హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలున్నాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరితే సికిల్‌సెల్ వ్యాధికి మూలమవుతుందని 1957లో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చారు. ఆ వ్యాధి ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాలను అడ్డగిస్తాయి. తీవ్రమైన నొప్పులు, రక్తహీనత బాధిస్తాయి.

పోలిక చెప్పే హితవు

వేదంలో ప్రోటీన్ల ప్రస్తావన ఉందని ఇక్కడ చెప్పబోవడం లేదు. అది వేదానికీ, విజ్ఞానానికీ గౌరవం కాదు. వాక్కుకు వక్త, శ్రోత ఉంటారు. ప్రోటీన్ రసాయన ధర్మాలను అనుసరించి ముడుచుకుంటుంది, అంతే. ఈ పోలిక మనకు నేర్పేది జాగ్రత్త.

తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో సికిల్‌సెల్ ఎక్కువ. దీని నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. తల్లి నుంచి గానీ, తండ్రి నుంచి గానీ ఒక్క లోపమే వచ్చినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, కనుక తమకు తెలియదు. అటువంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. థలసీమియాదీ ఇదే తీరు. రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు.

జాతకాలు పట్టుకొని పురోహితుని దగ్గరకు వచ్చే తల్లిదండ్రులారా! నక్షత్ర పొంతన చూపించుకోండి. దానితోపాటు వధూవరులకు ఈ రక్తపరీక్ష కూడా చేయించండి. అది సంబంధాన్ని చెడగొట్టడానికి కాదు, ఎవరినీ తక్కువ చేయడానికి అసలే కాదు. వైద్యుని సలహా సకాలంలో అందుకోవడానికి. స్వరం తప్పకుండా మంత్రం చెప్పడం మా బాధ్యత. పుట్టబోయే బిడ్డ కోసం ఈ జాగ్రత్త తీసుకోవడం మీ బాధ్యత.