పాత మోటారు స్కూటరు: కొనుటయు, కాపాడుకొనుటయు

ఎద్దును కొనునప్పుడు మన రైతులు చూపు జాగ్రత్తలో నాలుగవ పాలైనను స్కూటరు కొనునప్పుడు చూపుటలేదు. ఎద్దునకు నోరు తెరచి పండ్లు చూచెదరు; సుడులు వెదకెదరు; కాడి కట్టి రెండు చాళ్లు దున్నించిన గాని బయానా ఇయ్యరు. అట్టి బుద్ధిమంతులే సంతనాడు పట్టణమునకు పోయి, క్రొత్త రంగుతో మెరయుచున్న పాత స్కూటరును చూచి, హారను ఒకమారు మ్రోగించి, సొమ్ము లెక్కించి యిచ్చి, దానిమీదనే యిల్లు చేరుచున్నారు. నెల తిరుగకముందే మెకానిక్కు కొట్టు ముందర బల్లమీద కూర్చుండుచున్నారు. మేము వ్యవసాయ ప్రదర్శకోద్యోగమున గ్రామములు తిరుగుచు చాల యేండ్లుగా పాత స్కూటర్లమీదనే నడచుచున్నవారము. క్రొత్తబండి కొను భాగ్యము మాకింతవరకు కలుగలేదు. మోసపోయినవారిలో మేమును ఉన్నాము గావున, సభ్యుల ఉపయోగార్థము మాకు తెలిసినంత వ్రాయుచున్నాము.

నేడు మన ప్రాంతములందు అమ్మకమునకు వచ్చు పాత స్కూటర్లు ముఖ్యముగా రెండు జాతులు. ఒకటి, ఎడమచేతి పిడిని త్రిప్పి గేర్లు మార్చు పాతకాలపు బండి. ఈ జాతిలో బజాజు చేతకు మన వారికి బాగుగా తెలిసినది. 1972లో వచ్చి, పిమ్మట దాని తయారీ నిలిచిపోయినది. వానిలో ఎక్కువభాగము పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన టూస్ట్రోకు బండ్లు. చివరి కాలమున ఫోర్‌స్ట్రోకువియు వచ్చినవి, అడిగి తెలిసికొనవలెను. 2020 నుండి అదే పేరుతో అమ్మబడుచున్నది విద్యుత్తుతో నడచు వేరొక బండి. రెండవ జాతి, గేర్లు మార్చు పని లేక రబ్బరు బెల్టుతో నడచు ఆక్టివా మొదలగునవి. ఇంట స్త్రీలును వృద్ధులును నడపవలసియున్నచో ఈ రెండవదియే మేలని మా అభిప్రాయము. మొదటిదాని రేకు గట్టిది, పల్లెటూరి మెకానిక్కు చేతికి లొంగును. కాని దాని వయస్సు ఇప్పటికి పదునైదేండ్లు దాటియుండును. పదునైదేండ్లు నిండిన బండిని తనిఖీ చేయించి, రిజిస్ట్రేషనును అయిదేండ్లకొకమారు తిరిగి పొందవలెను. ఆ తిప్పట ఎవరిదో బేరములోనే తేల్చుకొనవలెను.

ఇంజను చూచుటకు ముందు కాగితము చూడవలెను. ఈ మాట సభ్యులకు చప్పగా తోచును. అయినను మేము కండ్లార చూచిన నష్టములలో పెద్దవి ఇంజనువలన కలిగినవి కావు.

మా తాలూకాలోని ఒక సంఘసభ్యుడు, అరువది దాటిన పెద్దమనిషి, తన స్కూటరును పొరుగూరి వానికి తెల్లకాగితముమీద వ్రాసియిచ్చి అమ్మెను. ఇరువురును వేలిముద్రలు వేసి, సాక్షుల చేత సంతకములు పెట్టించి, పని ముగిసినదనుకొనిరి. రెండేండ్లు గడచెను. ఒకనాడాయన కోర్టు నోటీసు చేతబట్టుకొని మా యొద్దకు వచ్చెను. ఆ స్కూటరు తగిలి నాట్లకు పోవుచున్న ఒక కూలి స్త్రీకి కాలు విరిగినది.

"బండి అమ్మి రెండేండ్లయినది గదా బాబూ, అది నాదెట్లగును?" అని ఆయన అడిగెను.

"పుస్తకములో ఇంకను మీ పేరే యున్నది పెదనాన్నగారూ" అని చెప్పుటకు మాకు నోరు రాలేదు, కాని చెప్పవలసివచ్చెను. భీమా కాలము దాటిపోయి యుండెను. కొన్నవాడు ఊరు విడిచి పోయెను. తుదకు ఆ పెద్దమనిషి రెండు పాడి గేదెల నమ్మి రాజీ చేసికొనెను. ఆ గేదెల పాలు మన పాలకేంద్రమునకే వచ్చుచుండెను. విరిగిన కాలిగల ఆ స్త్రీకి సొమ్ము ముట్టినందుకు మేము సంతోషించితిమి. చెల్లించినవాడు మాత్రము ఆ బండిని తాకి రెండేండ్లయినది.

ఇది మా యూరి న్యాయము కాదు. ఒక కారు చేతినుండి చేతికి మారి ప్రమాదము జరిగిన వ్యవహారమున 2018లో సుప్రీంకోర్టు ఇట్లే తీర్పు చెప్పినది: రిజిస్టరులో ఎవని పేరున్నదో చట్టము దృష్టిలో వాడే యజమాని, నష్టపరిహారము బాధ్యత వానిదే. కావున అమ్మినవాడు 14 దినములలోపలను, అదే రాష్ట్రమున కొన్నవాడు 30 దినములలోపలను రవాణాశాఖకు తెలియజేయవలెనని 1988 మోటారు వాహనముల చట్టము విధించినది. దీనికి ఫారము 29, ఫారము 30 అనునవి కలవు. భీమాపత్రమును కూడ 14 దినములలో కొన్నవాని పేరునకు మార్చుకొనవలెను. అమ్మువాడు "తొందర యేమి, తరువాత చూచుకొందము" అనినచో, సొమ్ములో కొంత మిగిల్చి, పేరు మారిన దినముననే ఇచ్చెదమని చెప్పుడు. మంచివాడు ఒప్పుకొనును.

కాగితములోని పేరు ఎదుట నిలిచినవానిదేనా యని చూడవలెను. బండి మూడు చేతులు మారియుండి, పేరు మాత్రము మొదటివానిదే యుండుట సామాన్యము. ఆ మొదటివాడు దొరకనిచో ఆ బండి జోలికి పోవలదు. ఆయన చనిపోయియున్నచో వారసులు ముందు ఫారము 31 ప్రకారము తమ పేరునకు మార్చుకొని, పిమ్మట అమ్మవలెను. "మా నాయన బండియే గదా" అనుట చాలదు. అప్పుమీద కొనిన బండియైన ఆ సంగతి రిజిస్ట్రేషను పత్రముమీద వ్రాసియుండును. అప్పిచ్చినవారు ఫారము 35 ఇచ్చి ఆ వ్రాత కొట్టివేయించిన గాని దానిని ముట్టరాదు. పిమ్మట బండిమీద చెక్కిన చాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పత్రములోని అక్షరములతో ఒక్కొక్కటిగా సరిచూడవలెను. ఆకురాయితో రాచిన జాడగాని, సుత్తితో కొట్టిన జాడగాని కనబడినచో నమస్కారము పెట్టి తిరిగి రావలెను.

సరిహద్దు జిల్లాలవారికి మరియొక మాట. 2014 జూన్ 2కు పూర్వము రిజిస్టరైన బండ్లు, ఇప్పుడు తెలంగాణములో నున్నవియు, ఏ.పి. అక్షరములతోనే యుండును. ఏ.పి. 20 అనునది ఖమ్మము సంఖ్య. దానిని చూచి మన రాష్ట్రపు బండియేయని కృష్ణాజిల్లా రైతు భ్రమపడవచ్చును. అవతలి రాష్ట్రపు బండికి అక్కడి కార్యాలయమునుండి ఫారము 28 పై నిరభ్యంతర పత్రము కావలెను. అది లేక చౌకగా దొరకిన బండి చౌక కాదు.

ఇక బండిని చూచుట. తెల్లవారగనే, అమ్మువాడు పండ్లు తోముకొనుచుండగనే పోవలెను. ముందుగా ఇంజనుమీద చేయి వేయవలెను. వెచ్చగా నున్నచో మీరు వచ్చెదరని తెలిసి ముందే నడిపి పెట్టినాడని యర్థము. చల్లారువరకు మాటలలో కాలము గడుపుడు. చల్లని ఇంజను రెండు మూడు కిక్కులకు లేవవలెను. టూస్ట్రోకు బండి లేచినప్పుడు తెల్లని పొగ కొంత వచ్చుట సహజము, వేడెక్కినకొలది తగ్గును. తగ్గక దట్టముగా వచ్చుచున్నచో, గేరుపెట్టెలోని నూనె సీలు దాటి లోనికి పోవుచున్నదేమో విచారింపవలెను. ఫోర్‌స్ట్రోకు బండి నీలిపొగ విడచినచో లోపల నూనె కాలుచున్నది. అది ఖర్చుతో కూడిన జబ్బు. నూనె కొలపుల్ల తీసి చూచినప్పుడు నూనె నల్లగా నున్న భయము లేదు, పాలవలె తెల్లబారినచో నీరు చేరినది.

పిమ్మట కాళ్లుంచు రేకుపైని రబ్బరు పట్టాను ఎత్తి చూపుమని అడుగవలెను. చాలమంది అడుగరు. త్రుప్పు అక్కడనే దాగును. తాళపుచెవితో తట్టినచో గట్టి రేకు గణగణ మ్రోగును, తినివేయబడినది బొత్తుగా పలుకును. పాతజాతి స్కూటరునకు ఆ రేకే యెముక. వేరే చట్రము లేదు. రంగు క్రొత్తగా నున్నచో ఒక చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకుమీద జరుపుడు. పట్టుకొననిచోట రంగు క్రింద పుట్టీ యున్నది. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును. 2319 అనిన 2019వ సంవత్సరము 23వ వారమున చేయబడినదని యర్థము. అరుగకున్నను ముసలి టైరు పగుళ్లు వారును. నడుపు నప్పుడు ఒంటరిగా గాక వెనుక నొకరిని కూర్చుండబెట్టుకొని కాలువగట్టు ఎక్కించి చూడవలెను. ఇంజను అరచుచు బండి కదలనిచో క్లచ్చి గాని బెల్టు గాని జారుచున్నది. మీటరులోని కిలోమీటర్లను నమ్మవలదు. కేబులు విప్పుట పిల్లవాని పని. పిడుల అరుగుదల ఎక్కువ నిజము చెప్పును.

కనబడిన లోపములను కాగితముమీద వ్రాసి, వాని ఖరీదు మెకానిక్కునడిగి, బేరములో తగ్గించుకొనవలెను. చిన్ననాడు మా పాఠశాలలో ప్రతి దినపు ఖర్చును రాత్రి వ్రాసిన గాని భోజనము పెట్టెడివారు కారు. ఆ యలవాటు పాత స్కూటరు యజమానికి మిక్కిలి అవసరము. పంటఋణము తెచ్చి బండి కొనుట మాత్రము కూడదు. గడువులో తీర్చినవారికి దొరకు వడ్డీ రాయితీ సేద్యపు సొమ్మునకే గాని చక్రములకు కాదు. బండి పాడై, పంటయు పాడైన యేట రెండప్పులు ఒకటైపోవును.

మా మోసము సంగతి చెప్పెదమంటిమి. మా రెండవ బండి టూస్ట్రోకుది. అమ్మినవాడు టాంకులో నూనె కలిపియే యున్నదని చెప్పెను, మేము నమ్మితిమి. వరి వంగడముల సంచులతో నడిమధ్యాహ్నము చెరువుకట్టమీద పోవుచుండగా ఇంజను ఒక్కసారిగా బిగిసి, వెనుకచక్రము తాళము వేసినట్లు నిలిచెను. నూనె లేక పిస్టను సిలిండరునకు పట్టుకొనినది. నాలుగు మైళ్లు త్రోసికొని పోయితిమి. దారిలోని రైతులు నాకంటె బండికే ఎక్కువ జాలిపడిరి. నాటినుండి ఎవరు కలిపినను నమ్మక, లీటరునకు 20 మిల్లీలీటర్లు, అనగా అయిదు లీటర్లకు 100 మిల్లీలీటర్లు, టూస్ట్రోకు నూనెను మా చేతితోనే కలుపుచున్నాము. ఎక్కువైనను మంచిది కాదు. ప్లగ్గు మసిబారును, సైలెన్సరు మూసికొనును.

పెట్రోలు విషయమున నేటి సంగతి యొకటి కలదు. 2025 నాటికి బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు. మన చెరకు, మొక్కజొన్న, నూకలనుండియే అది వచ్చుచున్నది గనుక రైతులుగా మనము కాదనరాదు. కాని పాత బండిలోని రబ్బరు గొట్టములకును గాస్కెట్లకును అది సరిపడదు, మెత్తబడి కారుచుండును. కొనిన వెంటనే వానిని మార్పించుడు. ఇథనాలు తేమను పీల్చును గావున, వానకాలమున బండిని వారములకొలది నిలుపవలసినచో టాంకులో పాత పెట్రోలు మురుగనీయరాదు.

స్కూటరును చంపునది దూరము కాదు, ఎరువు. 45 కిలోల యూరియా బస్తాను కాళ్లవద్ద నిలువుగా పెట్టుకొని పోవుట నిత్యము చూచుచున్నాము. పాతజాతి బండికి వెనుక బ్రేకు పెడలు కుడికాలి క్రింద నుండును. బస్తా జరిగి దానిపై వాలినచో బ్రేకు అందదు. బెల్టు బండిలో పెడలు లేకున్నను, కాళ్లు రెండును బయట వ్రేలాడుచుండును. అంతకంటె, చిరిగిన సంచినుండి రాలిన పొటాషు ఉప్పుజాతిది. చెమ్మ తగిలి పట్టాక్రింద చేరి రేకును ఏడాదిలో తినివేయును. బస్తాలను బండిమీద గాక సంఘపు ట్రాక్టరుమీద కలిపి తెప్పించుకొనుడు. తప్పనప్పుడు పట్టా యెత్తి నీటితో కడిగి, ఆరబెట్టి, కొంచెము నూనె పూయుడు. పురుగుమందు సీసాను సీటుక్రింది పెట్టెలో అన్నపు డబ్బాతో కలిపి పెట్టుట ఎంతమాత్రము కూడదు.

దమ్ము చేసిన పొలమునుండి వచ్చిన బండికి బురద ఎండకముందే కడుగవలెను. అయితే వేడి ఇంజనుమీదను, గాలిజల్లెడలోనికిని నీరు కొట్టరాదు. నూర్పుల కాలమున దుమ్ము మెండు గనుక గాలిజల్లెడను రెట్టింపు తడవలు చూడవలెను. రోడ్లమీద ఆరబెట్టిన గడ్డి ఇరుసునకు చుట్టుకొని సైలెన్సరు వేడికి అంటుకొనుట కలదు. బ్రేకు, క్లచ్చి కేబుళ్లకు నెలకొకమారు నూనె చుక్కలు వేసినచో దారిలో తెగవు. రాత్రి గడ్డివామి ప్రక్కన నిలిపిన బండికి ఎలుకలు తీగలు కొరుకును; మాకొక వేసవిలో రెండుమార్లు అయినది. నిలుపుచోటు మార్చినతోడనే ఆ పీడ పోయెను.

ఫారములు 29, 30 సంఘ కార్యాలయమున గుమాస్తావద్ద ఉంచితిమి. కంప్యూటరులో నింపుట తెలియనివారికి ఆయన సాయపడును. సంతనాడు ఉదయము మేమును అక్కడ నుందుము. కొనదలచిన బండి కాగితములు తెచ్చినవారికి చూచి చెప్పగలము. బయానా ఇయ్యకముందే రావలెను.