మామిడి ముదరడం, మాగడం: కార్బైడ్ రహిత విధానాలకు శాస్త్రీయ ఆధారం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పండ్ల తోటలలో మామిడిది ప్రథమ స్థానం. బంగినపల్లి రకానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఈ పేరు వినియోగదారుని చేతికి అందే పండు నాణ్యతలోనూ నిలవాలి. మామిడి కాయగానే కోతకు వచ్చి, చెట్టు నుండి వేరైన తరువాత మాగే పంట. అందువలన కోతకు, అమ్మకానికి మధ్య గడిచే కొద్ది రోజులలో జరిగే పనులే పండు రుచిని, భద్రతను నిర్ణయిస్తాయి. ఈ దశలో కాల్షియం కార్బైడ్ వాడకాన్ని చట్టం ఏనాడో నిషేధించినా, వేసవి వచ్చిన ప్రతిసారీ తనిఖీలలో కార్బైడ్ పొట్లాలు బయటపడుతూనే ఉన్నాయి. నిషేధం ఉన్నా ఈ వాడకం ఎందుకు ఆగడం లేదు, దీనికి బదులుగా సూచించే ఇథిలీన్ పద్ధతి శాస్త్రీయంగా ఏ విధంగా భిన్నమైనది అనే విషయాలను ఫల జన్యుశాస్త్రం, ఆహార భద్రత, ఇంజనీరింగ్ రంగాల పరిశోధనల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

ముదరడం వేరు, మాగడం వేరు

కాయ చెట్టుపై ఉండగా పూర్తి ఎదుగుదల పొందడాన్ని ముదరడం అంటారు. ముదిరిన కాయ మెత్తబడి, రంగు, తీపి, వాసన సంతరించుకోవడాన్ని మాగడం అంటారు. మామిడి కాయ ఎదిగే కాలంలో ఆకుల నుండి అందిన చక్కెరలను పిండిపదార్థంగా గుజ్జులో నిల్వ చేసుకుంటుంది. మాగే సమయంలో ఎంజైములు ఈ పిండిపదార్థాన్ని తిరిగి చక్కెరలుగా మారుస్తాయి. కోసిన తరువాత కాయకు చెట్టు నుండి ఆహారం అందదు కనుక, పండులో రాగల తీపికి గరిష్ఠ పరిమితి కోత రోజుననే నిర్ణయమవుతుంది.

తొక్కలోని పత్రహరితం విచ్ఛిన్నమై పసుపు రంగు బయటపడటం దీనితో పాటు జరిగే మరొక చర్య. ఇది గుజ్జులోని మార్పుల కంటే ముందుగా కూడా పూర్తి కావచ్చు. అందువలన లేత కాయను ఏ వాయువుతోనైనా పసుపు రంగుకు తీసుకురావచ్చు కాని, దానిలో లేని పిండిపదార్థాన్ని ఏ వాయువూ చేర్చలేదు. పైకి నిండుగా పండినట్లుండి లోపల పుల్లగా, చప్పగా ఉండే పండ్లకు ప్రధాన కారణం ఇదే. సీజన్ ఆరంభంలో లభించే అధిక ధర కోసం లేత కాయలను కోయడం, వాటికి త్వరగా రంగు తెప్పించవలసి రావడం, అందుకు చవకగా దొరికే కార్బైడ్‌ను ఆశ్రయించడం ఒకదానికొకటి ముడిపడిన సమస్యలు.

ఇథిలీన్: కాయ తనకు తాను ఇచ్చుకునే సంకేతం

మొక్కలపై ఇథిలీన్ ప్రభావాన్ని 1901లో రష్యా శాస్త్రవేత్త దిమిత్రి నెల్యుబోవ్ గుర్తించారు. వీధి దీపాలకు వాడే వాయువు సోకిన బఠానీ మొలకలు వంకర తిరగడానికి ఆ వాయువులోని ఇథిలీనే కారణమని ఆయన నిరూపించారు. 1934లో రిచర్డ్ గేన్ ఆపిల్ పండ్లు స్వయంగా ఇథిలీన్‌ను విడుదల చేస్తాయని రసాయనికంగా రుజువు చేశారు. ఒక వాయువు మొక్కలో హార్మోనుగా పనిచేస్తుందనే భావనకు దీనితో బలం చేకూరింది.

ఈ వాయువు కాయలో ఏ విధంగా తయారవుతుందన్న ప్రశ్నకు 1979లో ఆడమ్స్, షాంగ్ ఫా యాంగ్ సమాధానమిచ్చారు. మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుండి ఏ.సి.సి. అనే మధ్యస్థ పదార్థం ఏర్పడి, అది ఆక్సిజన్ సమక్షంలో ఇథిలీన్‌గా మారుతుంది. మామిడి, అరటి, బొప్పాయి, టమాటా వంటి క్లైమాక్టెరిక్ ఫలాలలో కొద్దిపాటి ఇథిలీన్ సోకగానే, కాయ మరింత ఇథిలీన్‌ను తయారుచేయడం మొదలుపెడుతుంది. ఆ వెంటనే శ్వాసక్రియ వేగం పెరిగి, మాగే చర్యలన్నీ వరుసగా సాగుతాయి. ద్రాక్ష, నిమ్మ, దానిమ్మ వంటి ఫలాలలో ఈ స్వయంప్రేరణ ఉండదు కనుక వాటిని కోసిన తరువాత మాగబెట్టడం సాధ్యపడదు.

కణాలు ఇథిలీన్‌ను గుర్తించే గ్రాహకాన్ని 1993లో అరబిడాప్సిస్ మొక్కలో కనుగొన్నారు. ఇథిలీన్ లేనప్పుడు ఈ గ్రాహకాలు చురుకుగా ఉండి ఇథిలీన్ స్పందనలను అణచి ఉంచుతాయి. ఇథిలీన్ వచ్చి వాటిలోని రాగి అయానుకు బంధించుకోగానే ఆ అడ్డు తొలగి, ఫలాలలో మాగే జన్యువులు పనిచేయడం ప్రారంభిస్తాయి. తరతరాలుగా మన రైతులు వరిగడ్డిలో కాయలను పేర్చి మాగవేసే పద్ధతిలోనూ ఇదే సూత్రం ఉంది. కాయల నుండి వెలువడిన ఇథిలీన్‌ను, వెచ్చదనాన్ని గడ్డి కొంతమేర బయటకు పోకుండా ఆపుతుంది.

జన్యు పరిశోధనలు చెబుతున్నది

మాగడాన్ని నియంత్రించే జన్యువుల గురించిన పరిజ్ఞానంలో అధికభాగం టమాటా నుండి లభించింది. ఎన్నటికీ సరిగా మాగని 'రిన్' అనే టమాటా ఉత్పరివర్తనానికి కారణమైన జన్యువును 2002లో గుర్తించారు. ఈ జన్యువు లేకపోతే టమాటా మాగడమే మొదలుకాదని శాస్త్రవేత్తలు చాలాకాలం భావించారు. 2017లో జపాన్ శాస్త్రవేత్తలు జన్యు సవరణ ద్వారా ఆ జన్యువును పూర్తిగా పనిచేయకుండా చేసినా, కాయలు పాక్షికంగా మాగాయి. రిన్ ఉత్పరివర్తనంలో రెండు జన్యువులు కలిసిపోయి ఏర్పడిన కొత్త ప్రోటీను మాగే చర్యను చురుకుగా అడ్డుకుంటున్నదని దీనివలన తేలింది. పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన ఒక నిర్ధారణను సవరించిన ఈ ఫలితం విద్యార్థులు గమనించదగినది.

నిల్వకాలాన్ని పెంచే ప్రయత్నాలలో భారతీయ పరిశోధన కూడా ఉంది. న్యూఢిల్లీలోని జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2010లో, కణకవచం మెత్తబడటంలో పాత్ర గల రెండు ఎంజైముల జన్యువులను అణచి, టమాటా నిల్వకాలాన్ని సుమారు 30 రోజులు పెంచగలిగారు. అరటిలో రెండు నియంత్రక జన్యువులను అణచినప్పుడు మాగడం ఆలస్యమైందని 2016లో వెల్లడైంది. 2021లో ఇథిలీన్ తయారీలోని చివరి ఎంజైము జన్యువును సవరించి అరటిలో ఇటువంటి ఫలితమే సాధించారు.

మామిడి విషయానికి వస్తే, ఆల్ఫాన్సో రకం జీనోమ్‌ను 20 క్రోమోజోముల స్థాయిలో కూర్చి 2020లో ప్రచురించారు. దీనివలన రంగు, వాసన, మాగే కాలం వంటి లక్షణాలకు గుర్తులను వెతకడం సులభమైంది. అయితే మామిడి దీర్ఘకాలం తరువాత కాపుకు వచ్చే చెట్టు. విత్తనపు మొక్కలలో లక్షణాలు విస్తృతంగా మారుతుంటాయి. కణజాలం నుండి మొక్కను తిరిగి పెంచడం కూడా కష్టసాధ్యం. భారత ప్రభుత్వం 2022 మార్చిలో, బయటి జన్యువు లేని కొన్ని తరహాల జన్యు సవరణ మొక్కలకు నిబంధనలు సడలించినా, మామిడిలో ఆ ఫలితాలు తోటకు చేరడానికి చాలాకాలం పడుతుంది. అంతవరకు కోత దశను, మాగబెట్టే పద్ధతిని సరిదిద్దడమే రైతు చేతిలో ఉన్న మార్గం.

కార్బైడ్ వలన ముప్పు

కాల్షియం కార్బైడ్ తేమతో కలిసినప్పుడు ఎసిటిలీన్ వాయువు, సున్నం ఏర్పడతాయి. ఎసిటిలీన్ నిర్మాణంలో ఇథిలీన్‌ను పోలి ఉండటం వలన అదే గ్రాహకాన్ని ప్రేరేపించగలదు. కాని ఈ ప్రేరణ చాలా బలహీనమైనది. స్టాన్లీ బర్గ్, ఎల్లెన్ బర్గ్ 1967లో బఠానీ మొక్కలపై జరిపిన ప్రయోగాలలో, ఇథిలీన్‌తో సమానమైన ప్రభావం కలగాలంటే ఎసిటిలీన్ రెండు వేల రెట్లకు పైగా అవసరమని తేలింది. వ్యాపారులు కార్బైడ్‌ను కొలత లేకుండా అధికంగా వాడటానికి ఈ బలహీనత ఒక కారణం.

వెల్డింగు వంటి అవసరాలకు తయారయ్యే ఈ రసాయనంలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాలు మలినాలుగా ఉంటాయి. తేమ తగిలినప్పుడు వీటి నుండి ఆర్సీన్, ఫాస్ఫీన్ అనే విషవాయువులు వెలువడతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆర్సెనిక్‌ను మానవులలో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. తలతిరగడం, దాహం, నీరసం, మింగడంలో ఇబ్బంది, వాంతులు, చర్మంపై పుండ్లు వంటి లక్షణాలు కార్బైడ్ వలన కలుగవచ్చని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ హెచ్చరించింది. పండు తినేవారి కంటే, పొట్లాలు కట్టి గంపలలో పెట్టే కూలీలకు ఈ పొడి, వాయువులు నేరుగా సోకుతాయి.

అగ్నిప్రమాదం మరొక ముప్పు. 1 కిలో శుద్ధ కార్బైడ్ పూర్తిగా చర్య జరిపితే సుమారు 350 లీటర్ల ఎసిటిలీన్ వెలువడుతుంది. గాలిలో ఎసిటిలీన్ 2.5 శాతానికి చేరితే నిప్పురవ్వతో పేలే అవకాశముంది. 20 ఘనపు మీటర్ల మూసిన గదిలో ఈ స్థాయికి చేరడానికి 500 లీటర్లు, అంటే సుమారు ఒకటిన్నర కిలోల కార్బైడ్ సరిపోతుంది.

చట్టం అనుమతించినవి, నిషేధించినవి

ఆహార భద్రత, ప్రమాణాల నిబంధనలు 2011లోని 2.3.5 నిబంధన కార్బైడ్ వాయువుతో మాగబెట్టిన పండ్ల అమ్మకాన్ని నిషేధించింది. హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు 2015లో ఈ సమస్యను తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. 2016లో చేసిన సవరణతో, పంట, రకం, ముదిరిన స్థాయిని బట్టి 100 పి.పి.ఎం. వరకు ఇథిలీన్ వాయువు వాడకానికి అనుమతి లభించింది.

ఇథెఫాన్ విషయంలో క్షేత్రస్థాయిలో గందరగోళం ఉన్నది. ఇథెఫాన్ నుండి వాయువును ఉత్పత్తి చేసి దానిని పండ్లకు సోకించడం ఒక పద్ధతి. ఇథెఫాన్ ద్రావణంలో పండ్లను ముంచడం లేదా దానిని పండ్లపై చల్లడం వేరొక పద్ధతి. మొదటిదానికి అనుమతి ఉంది, రెండవదానికి లేదు. ఇథిలీన్ విడుదల చేసే పొట్లాలు కూడా పండుకు నేరుగా తగలరాదు. ఎసిటిలీన్ త్వరగా గాలిలో కలిసిపోతుంది కనుక పండును పరీక్షించి కార్బైడ్ వాడకాన్ని నిరూపించడం కష్టం. ఈ కారణంగానే, గోదాములలో పండ్ల పెట్టెల పక్కన కార్బైడ్ కనిపిస్తే దానిని పరిస్థితుల సాక్ష్యంగా పరిగణిస్తామని ప్రాధికార సంస్థ 2025లో స్పష్టం చేసింది.

మాగబెట్టే గది నిర్మాణం, నిర్వహణ

మాగబెట్టే గదిలోని ప్రతి అమరికకు పైన వివరించిన జీవక్రియలలో కారణం ఉన్నది. మామిడికి సాధారణంగా 20 నుండి 22 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 90 నుండి 95 శాతం గాలిలో తేమ, 100 పి.పి.ఎం. ఇథిలీన్‌ను 12 నుండి 24 గంటలు అందించాలి. ముదిరిన కాయలో ఈ వ్యవధిలోనే స్వయంప్రేరణ మొదలవుతుంది కనుక ఆ తరువాత బయటి నుండి ఇథిలీన్ అవసరం ఉండదు.

ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే మాగడం మందగించి తొక్కపై రంగు సమంగా రాదు. 12 డిగ్రీల కంటే తగ్గితే కాయ శీతల గాయానికి లోనవుతుంది. తేమ తగ్గితే తొక్క ముడతలు పడి బరువు తగ్గుతుంది. శ్వాసక్రియ వలన వెలువడే కార్బన్ డయాక్సైడ్ 1 శాతం మించితే ఇథిలీన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. ఇథిలీన్ తయారీకి ఆక్సిజన్ కూడా అవసరం. అందువలన గదిని నిర్ణీత వ్యవధులలో తెరచి గాలి మార్చడం తప్పనిసరి. మాగే కాయలు వేడిని వెలువరిస్తాయి కనుక శీతలీకరణ సామర్థ్యాన్ని ఆ వేడికి సరిపడా లెక్కించాలి. పెట్టెల మధ్య నుండి గాలి బలవంతంగా ప్రసరించే ఏర్పాటు లేనిచోట, ఒకే గదిలో కొన్ని పెట్టెలు ముందుగా, కొన్ని ఆలస్యంగా మాగుతాయి.

వాయువు పరిమాణాన్ని లెక్కించడం సులభం. 100 ఘనపు మీటర్ల గదికి 100 పి.పి.ఎం. అంటే 10 లీటర్ల ఇథిలీన్ మాత్రమే. ఇథిలీన్ పేలుడు స్థాయి 2.7 శాతం, అంటే అదే గదిలో 2,700 లీటర్లు. సిఫారసు చేసిన మోతాదు దీనికి 270 రెట్లు తక్కువ. అయినప్పటికీ సిలిండరు లీకేజీ, అధిక మోతాదుల వలన ప్రమాదం ఏర్పడకుండా ఇథిలీన్ సెన్సారు అమర్చి, గదిలో నిప్పును, పొగతాగడాన్ని నిషేధించాలి. గది నిర్మాణ వ్యయం భరించలేని చిన్న రైతులు గాలి చొరబడని ప్లాస్టిక్ గుడారంలో, కాయలకు తగలకుండా ఒక పాత్రలో ఇథెఫాన్‌కు క్షారాన్ని కలిపి వాయువును ఉత్పత్తి చేసే పద్ధతిని ఉమ్మడిగా వాడుకోవచ్చు.

విస్తరణ సిబ్బంది దృష్టి సారించవలసిన అంశాలు

1. తొడిమ వద్ద భుజాలు నిండుగా ఎదగడం, టెంక గట్టిపడటం, గుజ్జు తెలుపు నుండి లేత పసుపుకు మారడం వంటి ముదిరిన లక్షణాలను కోతకు ముందే రైతులకు తోటలో చూపించాలి. నీటిలో వేసినప్పుడు మునిగే కాయలు సాధారణంగా ముదిరినవి, తేలేవి లేతవి.

2. కాయలను తొడిమతో కోసి, సొన కారిన తరువాత శుభ్రపరచి, ముదిరిన స్థాయిని బట్టి వేరుచేయాలి. వేర్వేరు దశల కాయలను ఒకే గదిలో కలిపి ఉంచితే సమంగా మాగవు.

3. ఇథిలీన్ కూడా రసాయనమే కదా అన్న వినియోగదారుల సందేహానికి, అది కాయ స్వయంగా తయారుచేసుకునే వాయువేనని, మోతాదు, శుద్ధత ముఖ్యమని వివరించాలి.

4. పసుపు రంగు చూసి పండు నాణ్యతను నిర్ణయించరాదని వ్యాపారులకు, వినియోగదారులకు తెలియజేయాలి. వినియోగదారులు పండ్లను పారే నీటిలో బాగా కడిగి తినాలి.

5. రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా ఉమ్మడి మాగబెట్టే గదులను ప్రోత్సహించాలి.

ముగింపు

కార్బైడ్‌ను కేవలం నేరంగా చూపి తనిఖీలకు పరిమితమైతే, లేత కాయ కోత యథాతథంగా సాగి, వ్యాపారి మరొక దారి వెతుక్కుంటాడు. లేత కాయను ఇథిలీన్ గదిలో ఉంచినా అది రుచిగల పండు కాజాలదు. అప్పుడు రైతుకు, వినియోగదారునికి ఇథిలీన్ పద్ధతిపైనే నమ్మకం పోయే ప్రమాదం ఉన్నది. ముదిరిన కాయను కోసినవారికి ఆ మేరకు ధర దక్కేటట్లు మార్కెట్లలో గ్రేడింగు జరగడం, మాగబెట్టే గదులు తోటలకు చేరువలో ఏర్పడటం ఒకేసారి జరిగినప్పుడే కార్బైడ్ అవసరం తొలగిపోతుంది. ఒక్కొక్క రకానికి, ఒక్కొక్క ప్రాంతానికి తగిన కోత ప్రమాణాలను నిర్ణయించి రైతుకు అందించడం పరిశోధన, విస్తరణ విభాగాల ఉమ్మడి బాధ్యత.