తేలు కొండి చెంత విస్ఫోటం

జ్యేష్ఠ మాసపు అర్ధరాత్రి హాలియాలో దక్షిణాకాశాన్ని చూస్తే వృశ్చికరాశి కనిపిస్తుంది. తేలు కొండి వద్దనున్న మూలా నక్షత్రానికి చేరువలో కంటికి కానరాని తారల జంట ఒకటి ఉంది. దాని పేరు 4యు 1728-34. ఆ జంటలో ఒకటి న్యూట్రాన్ తార; సూర్యునికి మించిన ద్రవ్యరాశి ఒక నగరమంత గోళంలో ఇమిడి ఉంది. అది తోడి తార నుండి వాయువును లాగుకొంటుంది. పేరుకొన్న పొర అడుగున ఒత్తిడి, వేడిమి హద్దు మీరగానే హీలియం ఒక్కుమ్మడిగా సంలీనమవుతుంది. ఉపరితలం ఇంచుమించు 3 కోట్ల డిగ్రీలకు కాగి, ఎక్స్-కిరణాలను వెదజల్లి, కొన్ని సెకన్లలోనే చల్లారుతుంది. తార మాత్రం చెక్కుచెదరదు. కొన్ని గంటలకు మళ్లీ అదే తంతు. నిజానికి వాయువు పడటం వల్ల కలిగే శక్తి, అది మండటం వల్ల కలిగే శక్తికన్నా ఎన్నో రెట్లు అధికం. అయినా గంటల తరబడి కూడిన ఇంధనం సెకన్లలో ఖర్చయిపోవడం చేత విస్ఫోటమే మిరుమిట్లు గొలుపుతుంది.

ఎక్స్-కిరణాలను భూవాతావరణం అడ్డగిస్తుంది. వాటిని చూడాలంటే ఉపగ్రహమే శరణ్యం. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఎగసిన ఆస్ట్రోశాట్, 2016 మార్చిలో ఈ జంటలో ఒక విస్ఫోటాన్ని నమోదు చేసింది. ఆ వెలుగు సెకనుకు 363 మారులు హెచ్చి తగ్గింది. మంట అన్ని వైపులా సమంగా లేనందున, తార తిరిగేకొద్దీ వెలుగు అట్లా ఊగిసలాడుతుంది. అమెరికా ఉపగ్రహం 1996లో ఇదే లెక్కను చూపింది. అంటే నగరమంత గోళం సెకనుకు 363 ఆత్మప్రదక్షిణలు చేస్తున్నదన్నమాట.